చెఱసాలలోని స్త్రీలకు దిక్కెవ్వరు?

చెఱసాల యను మాట మన జిల్లాలలో నొకప్పుడు గౌరవవాచకమై యుండెను. 1930 మొదలు 1932 వఱకు శాసనోల్లంఘనోద్యమము సాగిన దినములలో కారాగారవాసమున కేగు స్త్రీలకు పురజనులు హారతులిచ్చి సాగనంపిరి. మఱలివచ్చినపుడు పూలదండలతో నెదురేగిరి. నెల్లూరు సీమనుండి పొణకా కనకమ్మగారు, గోదావరీ తీరమునుండి దువ్వూరి సుబ్బమ్మగారు, దుర్గాబాయిగారు, చెన్నపట్టణమునుండి రుక్మిణీ లక్ష్మీపతిగారు, వీరందఱును స్వరాజ్యమునకై చెఱసాల గడపను దాటినవారే. రాయవేలూరిలో నాటి చెన్నరాజధాని ప్రభుత్వము స్త్రీలకొఱకే ప్రత్యేకముగా నడపిన కారాగారము అట్టి వీరనారుల పేరుతో మన చరిత్రలో నిలిచిపోయినది.

అయితే ఆ చెఱసాలలోనే, ఆ కాలముననే, వేఱొక తరగతి స్త్రీలుండిరి. వారికి హారతులు లేవు, దండలు లేవు. వారి పేరు పత్రికల కెక్కలేదు. ప్రభుత్వమువారు 1930లో ఖైదీలను ఏ, బీ, సీ తరగతులుగా విభజించిరి. చదువును, ఆస్తియు, హోదాయు గలవారికి మొదటి రెండు తరగతులు. తక్కిన జనసామాన్యమునకు మూడవది. దుర్గాబాయిగారు రాయవేలూరిలోను మధురలోను శిక్ష ననుభవించుచు సామాన్య స్త్రీఖైదీల దుఃస్థితిని కన్నులార గాంచిరి. తమపై మోపిన నేరమేమో, తమకు విధించిన శిక్ష యే శాసనము ననుసరించియో, దానిపై మొఱపెట్టుకొను మార్గమున్నదో లేదో యెఱుగని యభాగినులు వారిలో నుండిరి. ఆ దిక్కులేనితనమును దుర్గాబాయిగారు మఱువలేదు. విడుదలయైన పిమ్మట మఱల చదువు నారంభించి, 1942లో న్యాయశాస్త్ర పట్టము నొంది, చెన్నపట్టణమున వకీలైరి. 1946లో రాజ్యాంగ నిర్మాణసభకు సభ్యురాలైరి. ఆమె న్యాయశాస్త్రమున కోనమాలు దిద్దుకొన్నది కళాశాలలో గాదు, స్త్రీల చెఱసాలలో ననుట యతిశయోక్తి కాజాలదు.

ఈ రెండు తరగతుల స్త్రీలకును గోడ లొక్కటియే, తాళము లొక్కటియే. భేదమంతయు గోడ వెలుపల నుండెను. సత్యాగ్రహి యగు స్త్రీ వెనుక నొక యూరు నిలిచెను. ఆమె క్షేమమును విచారించు పత్రిక యుండెను. ఆమె బిడ్డలను తమ యింట నుంచుకొను బంధువులుండిరి. విడుదల దినమునకై వ్రేళ్లు మడిచి లెక్కపెట్టు మిత్రులుండిరి. సామాన్య స్త్రీఖైదీ వెనుక నెవరును లేరు. న్యాయస్థానము విధించిన శిక్ష కొన్ని నెలలో కొన్ని యేండ్లో. లోకము విధించిన శిక్ష దిక్కులేకుండుట. స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటినను ఈ రెండవ శిక్ష రద్దు కాలేదు. దానిని రద్దుచేయు శక్తి ప్రభుత్వమునకంటె నెక్కువగా నాయుడుపేటవంటి చిన్న పట్టణముల పౌరుల చేతులలో నున్నదని మా విశ్వాసము.

ముందుగా లెక్కలను జూతము. జాతీయ నేర గణాంక సంస్థవారి నివేదిక ప్రకారము 2022 డిసెంబరు 31 నాటికి దేశమందలి చెఱసాలలలో 5,73,220 మంది యుండిరి. వారిలో 4,34,302 మంది, అనగా నలువురిలో మువ్వురు, శిక్షపడినవారు కారు. విచారణ ముగియుటకై వేచియున్నవారు. స్త్రీలు 23,772 మంది. తల్లుల యొడిలో చెఱసాల యన్నము దినుచు బెరుగుచున్న పసిబిడ్డలు 1,764 మంది; వీరిలో 1,479 మంది బిడ్డల తల్లులపై నేర మింకను ఋజువు కాలేదు. ఖైదీలలో స్త్రీలు నూటికి నలువురు మాత్రమే. సంఖ్య స్వల్పముగా నుండుట మంచిదే. కాని ఆ స్వల్పత్వమే వారికి శాపమైనది. కొద్దిమందికొఱకు వేఱు భవనమేల, వేఱు వైద్యురాలేల, వేఱు పాఠశాలయేల యని ప్రభుత్వములు దీర్ఘకాలము తలపోసినవి.

"నేరము చేసినవారికి శిక్ష తప్పదుగదా! స్త్రీయని జాలిపడినచో న్యాయమెట్లు నిలుచును?" అని పఠనమందిరములో పత్రిక మడిచి ప్రక్కనుంచుచు ప్రశ్నించు పెద్దలు కలరు. ప్రశ్న సమంజసమైనదే. నేరమువలన నష్టపడినవారి కన్నీటిని మఱచి నేరస్థులను మాత్రమే కనికరించుట ధర్మము కాదు. ఋజువైన నేరమునకు శిక్ష పడవలసినదే. కాని పై లెక్కలను మఱియొకమాఱు చూడుడు. మనము శిక్షయని తలంచుచున్నదానిలో నధికభాగము తీర్పునకు ముందే యనుభవింపబడుచున్నది. రేపు నిర్దోషియని విడుదలయగు స్త్రీకి పోయిన సంవత్సరముల నెవరు తిరిగి యీయగలరు? ఆమె బిడ్డ తల్లిలేక గడపిన దినముల కే ఖజానా పరిహారమిచ్చును?

స్త్రీలకు వేఱు చెఱసాలలు గట్టించినచో నంతయు చక్కబడునని మఱికొందఱి మతము. వేఱు వసతి యావశ్యకమే. 1894నాటి చెఱసాలల చట్టములోనే స్త్రీలను పురుషుల కంటబడకుండ వేఱు భవనములందో వేఱు భాగములందో యుంచవలెనని విధింపబడినది. నేడు మన రాష్ట్రమున రాజమహేంద్రవరమునందును కడపయందును స్త్రీలకు ప్రత్యేక కారాగారములు గలవు. తెలంగాణములో హైదరాబాదు చంచల్‌గూడయం దున్నది. కాని వేఱు గోడ కట్టుటయే న్యాయమనుకొనరాదు. అమెరికా సంయుక్తరాష్ట్రముల కేంద్రప్రభుత్వము స్త్రీలకొఱకు తన మొదటి చెఱసాలను 1927లో పశ్చిమ వర్జీనియాలోని ఆల్డర్సన్ గ్రామమున తెఱచినది. చుట్టును ప్రహరి లేక, కుటీరములవంటి యిండ్లలో స్త్రీలను నివసింపజేసి, వృత్తులు నేర్పుటయే దాని యాశయము. ఆ దేశముననే, ఆ కేంద్రప్రభుత్వమే, కాలిఫోర్నియాలోని డబ్లిన్ పట్టణమున నడపిన స్త్రీల చెఱసాలలో రక్షకులే భక్షకులైరి. అందలి ప్రధానాధికారియే స్త్రీఖైదీలపై చేసిన యత్యాచారములకై 2022లో దోషిగా నిర్ణయింపబడెను. 2024లో ఆ చెఱసాలను ఖాళీచేయించిరి. ధనమునకు గాని చట్టములకు గాని కొదవలేని దేశములోనే యిట్లు జరిగినది. బయటివారి కన్ను పడని చోట, లోపలివారి మొఱ వినువారు లేని చోట, వేఱు గోడ రక్షణయు గాగలదు, మఱుగును గాగలదు.

మన దేశములో వేఱు చెఱసాల మఱియొక చిక్కును దెచ్చిపెట్టుచున్నది. రాష్ట్రమున కొకటి రెండు మాత్రమే యుండుటచే స్త్రీఖైదీకి తన యూరు దూరమగుచున్నది. నాయుడుపేటనుండి కడప నూటయేబది కిలోమీటర్లకు పైబడిన దూరము. రాజమహేంద్రవరము దాదాపు అయిదువందల కిలోమీటర్లు. దినకూలిపై బ్రతుకు కుటుంబమున కొక ములాఖతు అనగా రెండు మూడు దినముల కూలి పోవుట, రైలు కూలి, దారి భోజనము, చెఱసాల వాకిట వేచియుండుట. పురుషుడు చెఱలో నున్నచో భార్యయో తల్లియో మూట గట్టుకొని పోవును. స్త్రీ చెఱలో నున్నచో ములాఖతునకు వచ్చు మగవారెందఱు? ఈ ప్రశ్నకు వకీళ్లకు దెలిసిన సమాధానము సంతోషకరమైనది కాదు. చేతి ఫోనులో ముఖము చూచి మాటలాడు నేర్పాటులు నేడు వచ్చినవి; మేలే. కాని ఆ ఫోను పట్టుకొని అవతల కూర్చుండుటకు మనిషి కావలెనుగదా!

ఇక జామీను విషయము. మన శాసనము స్త్రీలయెడ కఠినముగా లేదు. సూర్యాస్తమయమునకు బిమ్మటను సూర్యోదయమునకు ముందును, అసాధారణ కారణములు లేనిదే, స్త్రీని నిర్బంధింపరాదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 480వ సెక్షను ప్రకారము, మరణశిక్షగాని యావజ్జీవశిక్షగాని పడదగిన యభియోగమందు సైతము, స్త్రీయగుచో మేజిస్ట్రేటు జామీను మంజూరు చేయవచ్చును. 479వ సెక్షను ప్రకారము, మొదటిసారి నేరారోపణకు గుఱియైనవారు గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము విచారణఖైదీగా గడపినచో వారిని విడుదల చేయవలెను; తక్కినవారిని సగము కాలము గడపినంతట విడువవలెను. మరణశిక్ష, యావజ్జీవశిక్ష పడదగిన నేరములకును, ఒకటికి మించిన కేసులు గలవారికిని ఇది వర్తింపదు. కాలము పూర్తియైన ఖైదీ విషయమును న్యాయస్థానమునకు దెలుపుట చెఱసాల సూపరింటెండెంటు విధి. ఈ సంహిత 2024 జూలై 1న అమలులోనికి వచ్చినది. దానికి ముందు నమోదైన కేసులకును ఈ సెక్షను వర్తించునని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టపఱచినది.

శాసన మిట్లుండగా స్త్రీలు లోపలనే యేల యుండవలె? జామీను మంజూరగుట వేఱు, విడుదలయగుట వేఱు. మేజిస్ట్రేటు ఇరువురు జామీనుదారులను గోరును. జామీనుదారు ఆస్తిపన్ను రసీదునో, పట్టాదారు పాసుపుస్తకమునో, తహశీల్దారు ధ్రువపత్రమునో తెచ్చి న్యాయస్థానమున నిలువవలెను. స్త్రీ పేరిట నాస్తి యుండుట యరుదు; ఉన్నను అది మగని చేతిలోనిది. ఫిర్యాదు చేసినవారు మగనివైపువారే యైనచో నామె పుట్టినింటి గడప త్రొక్కవలె. పుట్టినిల్లు పరువునకు వెఱచి తలుపు మూసికొన్నచో నామెకు లోకమున జామీనుదారు లేడు. మేనకూరు పరిశ్రమలలోను శ్రీసిటీ కర్మాగారములలోను బనిచేయుటకై దూరపు జిల్లాలనుండి వచ్చి, మన యూళ్లలో గది యద్దెకు దీసికొని యున్న యువతులు వేలకొలది. వారిలో నొక్కతె పొరపాటుననో దురదృష్టవశముననో యభియోగమున చిక్కుకొన్నచో, ఆమె నెఱిగిన ఇంటియజమాని పూచీ వ్రాయునా?

సుప్రీంకోర్టువారు ఈ యన్యాయమును గమనింపకపోలేదు. జామీనుదారులు లేక లోపలనే యున్నవారి జాబితాను జిల్లా న్యాయసేవాధికార సంస్థకు బంపవలెననియు, నెలదినములలో జామీను సమర్పింపలేనివారి విషయమున నియమములను సడలించుటను గూర్చి న్యాయస్థానము తానే యాలోచింపవచ్చుననియు 2023 జనవరి 31న నిర్దేశించిరి. ఆ సంవత్సరముననే కేంద్రప్రభుత్వము పేదఖైదీల సహాయ పథకమును బెట్టి, విచారణఖైదీకి 40,000 రూపాయల వఱకు, జరిమానా చెల్లింపలేని శిక్షాఖైదీకి 25,000 రూపాయల వఱకు నొసగుట కేర్పాటు చేసినది. ఉత్తరువులు చక్కనివి. అయితే ఉత్తరువు తనంతట తాను నడచి చెఱసాల గది తలుపు తట్టదు. కాగితము వ్రాయు చేయి యొకటి, దానిని కార్యాలయమునుండి కార్యాలయమునకు గొనిపోవు కాలు మఱియొకటి కావలెను.

ఆ చేయియు ఆ కాలును ఎవరివి? ఇచ్చట మా వృత్తివారితో నిర్మొగమాటముగ నొకమాట చెప్పవలసియున్నది. రాజ్యాంగమున 39-ఏ అధికరణము 1976లో చేర్పబడినది. 1987నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలందఱును, నిర్బంధమందున్న వారందఱును, ఆదాయముతో నిమిత్తము లేకయే యుచిత న్యాయసహాయమునకు హక్కుదారులు. స్త్రీఖైదీకి రెండువిధముల హక్కు గలదు. కాని హక్కు కాగితముపై నున్నంతమాత్రమున వకీలు కలిసికొన్నట్లు కాదు. ఫీజు లేని కేసుకు చివరి పిలుపున పోవుట, ముద్దాయి ముఖమును వాయిదానాడు మాత్రమే చూచుట, ఆమె చెప్పునది వినకయే యర్జీ దాఖలు చేయుట మన న్యాయస్థానములలో నెఱుగని విషయములు కావు. శాసనోల్లంఘనకాలమున వృత్తిని వదలి చెఱసాలలకు బోయిన వకీళ్ల పరంపర మనది. చెఱసాలకు బోవలసిన యవసరము నేడు లేదు. చెఱసాలనుండి వచ్చిన జాబు చదివినం జాలును.

బిడ్డల మాట మఱింత విషాదకరము. ఆర్.డి. ఉపాధ్యాయ్ యను వాదికిని ఆంధ్రప్రదేశ్ మొదలగు ప్రభుత్వములకును నడచిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2006 ఏప్రిలు 13న నిచ్చిన తీర్పు ఈ విషయమున మూలశాసనమువంటిది. చెఱసాలలోని బిడ్డను ఖైదీగా జూడరాదు. ఆఱేండ్లు వచ్చువఱకు తల్లితో నుండనీయవలె. గర్భిణికి సాధ్యమైనంతవఱకు చెఱసాల వెలుపల కానుపు చేయింపవలె. జననపత్రములో చెఱసాల పేరు వ్రాయరాదు. బిడ్డలకు ఉయ్యాలబడియు శిశుపాఠశాలయు వీలైనచో గోడ వెలుపలనే యుండవలె. బిడ్డను బయటికి బంపిన పిదప తల్లి వారమున కొకసారియైన చూచునట్లు చేయవలె. మన రాష్ట్రము పేరు శీర్షికలో నున్న ఈ తీర్పును మన రాష్ట్రమందలి చదువరులలో నెందఱెఱుగుదురు? ఆఱేండ్ల బిడ్డ గేటు దాటి వచ్చునపుడు చేయి పట్టుకొనువాడు లేనిచో తీర్పు యావత్తును నిష్ఫలమే.

మన ప్రాంతమునకు సంబంధించిన మఱియొక పాపమును గూడ స్మరింపవలె. 1871లో పుట్టి, 1911లో చెన్నరాజధానికి వర్తించిన నేరస్థ జాతుల చట్టము, కులమును బట్టియే మనుష్యుని దొంగయని ముద్రవేసినది. ఎరుకల కుటుంబములను, స్త్రీలు బిడ్డలతో సహా, కావలివంటి సెటిల్‌మెంటులలో నిర్బంధించిరి. వారి స్త్రీలకు న్యాయస్థానముతో బనిలేకయే చెఱ ప్రాప్తించెను. ఆ చట్టము 1952లో రద్దయ్యెను. కాని ముద్ర మనస్సునుండి రద్దగుటకు మఱి యెన్నియేండ్లు పట్టునో! చెఱసాలలలో కులమునుబట్టి పని పంచుటయు, విముక్తజాతులవారిని పుట్టుకతోనే యలవాటు నేరస్థులుగ నెంచుటయు రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు చెప్పవలసి వచ్చినది. యానాది, ఎరుకల కుటుంబము లనేకము లున్న మన పల్లెలలో, ఏ యింట దొంగతనము జరిగినను మొట్టమొదట నెవరి గుడిసె తలుపు తట్టుచున్నారో మన మెఱుగుదుము. అట్లు తట్టినపుడు వెంటనడచు వకీలు లేనివారే యిప్పటికిని చెఱసాలలను నింపుచున్నారు.

కావున మన మేమి చేయవలె? ఉపన్యాసములకంటె పని మేలు. మొదటిది: మన పట్టణమునుండియు చుట్టుపట్ల మండలములనుండియు చెఱలోనున్న స్త్రీల జాబితాను మూడునెలల కొకమాఱు న్యాయసేవాధికార సంస్థద్వారా దెప్పించుకొని, మన వకీళ్లు తలకొక కేసు చొప్పున బంచుకొనవలె. జిల్లా న్యాయమూర్తి యధ్యక్షతన విచారణఖైదీల సమీక్షాసంఘము గలదు. 479వ సెక్షను క్రింద కాలము పూర్తియైనవారి పేర్లను ఆ సంఘము దృష్టికి దెచ్చుట మన పని. రెండవది: అన్యాయమని తోచిన చోట పూచీ నిలుచుటకు సిద్ధపడు గృహస్థు లిరువదిమంది ముందునకు రావలె. పూచీ యనగా నేరమును సమర్థించుట కాదు. వాయిదాకు వచ్చునని మాట యిచ్చుట మాత్రమే. మూడవది: ములాఖతునకు బోలేని కుటుంబములకు దారిఖర్చు నిచ్చుటకు చిన్ననిధి నేర్పఱచవలె. పెండ్లి విందులలో పారవేయు నన్నపు విలువలో నూఱవవంతు దానికి జాలును.

నాలుగవది స్త్రీలు చేయదగినది. 1992లో దూబగుంట స్త్రీలు లేచి సారాయి పాటలను గడగడలాడించిరి. మఱుసటి సంవత్సరముననే ప్రభుత్వము సారాయిని నిషేధించినది. అట్టి నెల్లూరు సీమలో బుట్టిన మహిళాసంఘములకు చెఱసాలనుండి వచ్చిన సోదరి నొకతెను తమ పొదుపుసంఘములో జేర్చుకొనుట కష్టమైన పని కాదు. విడుదలయైన పురుషుడు ఇంటికి బోవును. విడుదలయైన స్త్రీ కిల్లు మూయబడును. శక్తిసదనములను పేర ప్రభుత్వాశ్రయము లున్నవి. కాని యాశ్రయము కొన్నినాళ్లకే, బ్రతుకు నిండు నూఱేండ్లకు. కుట్టుపనియో, పాలకేంద్రములో కొలువో, టిఫిను బండియో చూపువా రుండిననే యామె మఱల తలయెత్తి నడువగలదు.

ప్రభుత్వమువారికి మా విన్నపము లల్పములు. ప్రతి జిల్లాలోను చిన్నదైనను స్త్రీలకు ప్రత్యేక వసతి గల్పించి, విచారణ సాగు న్యాయస్థానమునకు దగ్గఱగా నుంచవలె. దూరప్రాంతపు కారాగారములకు దీర్ఘశిక్ష పడినవారిని మాత్రమే పంపవలె. జామీను మంజూరై నెలదినములు గడచినను విడుదలకాని స్త్రీల సంఖ్యను జిల్లాలవారీగా ప్రకటింపవలె. చెఱసాల సందర్శకుల సంఘములలో స్త్రీల నియమించి, వారు నిజముగా సందర్శించునట్లు చూడవలె. ఇవి క్రొత్త కోరికలు కావు. జస్టిస్ ముల్లా సంఘము 1983లోను, జస్టిస్ కృష్ణయ్యరు సంఘము 1987లోను స్త్రీఖైదీల దుఃస్థితిని విపులముగ జర్చించియే యున్నవి. ఆ నివేదికలపై దుమ్ము దులుపుట కొక గుడ్డ చాలును.

పట్టణమునకు రహదారు లున్నవి, కర్మాగారము లున్నవి, గుడులున్నవి, పఠనమందిరము లున్నవి. ఒక స్త్రీ న్యాయస్థానపు బోనులో నిలిచి, జామీను మంజూరైనదని విని, ఎవరైన వచ్చిరాయని వెనుకకు దిరిగి చూచునపుడు కనబడు మనుష్యులే లేనిచో నివన్నియు నుండి ప్రయోజనమేమి? రాబోవు వాయిదానాడు ఆ బల్లపై మన యూరివారు కనీస మిద్దఱైన గూర్చుండియుందురుగాక!